సబ్బుల లెక్క రాసుకుని వెళ్లు

విశాఖపట్నం

తల్లీ,

బాబు సంగతి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. గంటన్నర స్నానం, వారానికి మూడు సబ్బులు, అర్ధరాత్రి లేపి "అమ్మా, ఆ తలుపు గడియ నాకు తగిలిందా?" అని అడగడం. ఇది చాదస్తం కాదు, మొండితనం అంతకన్నా కాదు. డాక్టరుగారు ఓసీడీ (వద్దన్నా వదలని ఆలోచనలు, వాటిని అణచడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయడం అనే జబ్బు) అని తేల్చి ఈఆర్‌పీ చేయించమన్నారంటే సరైన దారే చూపించారు. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అని దాని పూర్తి పేరు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ చేసి చూపించిన పద్ధతి ఇది. భయపెట్టే వస్తువు దగ్గరికి మెట్టుమెట్టుగా వెళ్లాలి, వెళ్లాక కడుక్కోవడం, సరిచూసుకోవడం మానుకుని ఆ భయంతోనే కూర్చోవాలి.

చిక్కల్లా చేసేవాళ్లను పట్టుకోవడంలోనే ఉంది. "ఓసీడీ చూస్తాం" అని బోర్డు మీద రాసుకోవడం తేలిక. పిల్లాడి పక్కన కూర్చుని చెప్పుల అడుగుభాగం ముట్టించేవాళ్లు తక్కువ. అందుకే "ఓసీడీ చూస్తారా?" అని అడగకు, అందరూ అవుననే అంటారు. "ఓసీడీకి మీరు ఏం చేయిస్తారు, నాలుగో సెషన్లో మా వాడు ఏం చేస్తుంటాడు?" అని అడుగు. భయాలకు మార్కులు వేసి నిచ్చెన కడతాం, కింది మెట్టు ఇక్కడే నాతో కలిసి చేస్తాడు, ఇంటికి హోంవర్క్ ఇస్తాం అంటే వినదగ్గ జవాబు. గట్టిగా ఊపిరి పీల్చి వదలడం, మంచి ఆలోచనలు తెచ్చుకోవడం, చెడ్డ ఆలోచన వస్తే మణికట్టుకు రబ్బరుబ్యాండు లాక్కోవడం, హిప్నాటిజం అన్నారంటే థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టెయ్. ఆలోచనను తరిమితే ఇంకా గట్టిగా తిరిగొస్తుంది, ఓసీడీ బతికేదే ఆ తరుముడు మీద.

ఎక్కడ మొదలుపెట్టాలంటావా? చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం. జనం దాన్ని ఏ పేరుతో పిలుస్తారో తెలుసు కనక సిగ్గుపడతావేమో, పడకు. ఓపీలో సైకియాట్రిస్టును చూసి, క్లినికల్ సైకాలజిస్టు (మందులతో కాకుండా ఇలాంటి థెరపీ చేయించేవారు) దగ్గరికి పంపమని నోరు తెరిచి అడుగు. అడగకపోతే మందు రాసి పంపేస్తారు, ఓపీ రద్దీలో వాళ్లకు అంతే వీలవుతుంది. ప్రైవేటులో అయితే ఈ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, వాళ్ల వెబ్‌సైట్లో సరిచూసుకో. క్లినికల్ సైకాలజిస్టుకు మామూలుగా రెండేళ్ల ఎం.ఫిల్ గానీ సై.డి. (సైకాలజీలో డాక్టరేటు) గానీ ఉంటుంది. అయితే ఆ నంబరు చదువుకు సాక్ష్యమే, ఈఆర్‌పీ చేతనవునని కాదు. అది పైన చెప్పిన ప్రశ్నతోనే బయటపడుతుంది.

ఊళ్లో దొరక్కపోతే బెంగళూరు వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీసే ముందు వీడియోకాల్‌లో చేసేవాళ్లను వెతుకు. వాడి బెంగంతా మీ ఇంటి బాత్రూమ్‌లోనూ గుమ్మం దగ్గరా ఉంది కనక, ఫోన్ అక్కడే నిలబెట్టి చేయించడం ఒక్కోసారి క్లినిక్ కన్నా మేలు. అప్పటికీ కుదరక, జబ్బు బాగా ముదిరితే బెంగళూరులో నిమ్‌హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థలో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. ఒక్కటి మాత్రం చూసుకో, థెరపిస్టుకు తెలుగు రావాలి. ఇలాంటి పిల్లలకు నోటితో చెప్పలేని ఆలోచనలు కూడా వస్తుంటాయి, దేవుడి ముందు బూతు మెదలడం, కత్తిపీట చూస్తే చెల్లెల్ని పొడిచేస్తానేమోనని వణకడం. అవి వాడి కోరికలు కావు, వాడు అసహ్యించుకుంటున్నాడు కనకే అంత బాధ. విని మొహం మార్చుకునే మనిషి, గుడికెళ్లి దణ్ణం పెట్టుకోమనే మనిషి మనకొద్దు.

మొదటి రెండు మూడు సెషన్లు అడగడం, రాసుకోవడంతోనే గడుస్తాయి. వై-బాక్స్ అని ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే కొలత తీస్తారు, 40కి లెక్క. 16 నుంచి 23 మధ్యస్థం, 24 నుంచి పైకి తీవ్రం. కొన్ని వారాలకోసారి మళ్లీ తీయమను, గుణం అంకెలో కనిపించాలి. మొత్తం 12 నుంచి 20 సెషన్లు పట్టొచ్చు, ఒక్కోటి గంట నుంచి గంటన్నర. అరగంటలో ముగించే చోట భయం ఎక్కడమే సరిపోతుంది, దాంతో కూర్చోవడానికి టైముండదు.

అసలు పని ఎలా ఉంటుందో చెబుతాను. గాజువాక బస్సులో కడ్డీ పట్టుకోవడం వాడి భయం మార్కుల్లో వందకి 40 అనుకో, అదే చేత్తో దిండు తడమడం 70. ముందు 40తో మొదలుపెడతారు. కడ్డీ పట్టుకుంటాడు, దిగుతాడు, కడగడు. ఇక్కడే వాడి వేళ్లు చూడాలి. తెలీకుండానే బొటనవేలితో చూపుడువేలు రుద్దుతుంటాడు, లేదా ప్యాంటు జేబులో తుడిచేస్తాడు, లేదా లోలోపల "నమో నారాయణాయ" పదకొండుసార్లు అనుకుంటాడు. కడగలేదు కదా అని మనం సంబరపడతాం, కానీ కడుగుడు వేరే వేషంలో జరిగిపోయింది. చేయి తిరిగిన థెరపిస్టు అది పట్టుకుని, అదే చేయి మళ్లీ కడ్డీకి తగిలించి, మనసులో జపం లేకుండా కూర్చోబెడతారు. భయం దిగిపోవాల్సిందేనని లేదు, భయం ఉండగానే ఏమీ కాలేదని వాడికి తెలియాలి. బలవంతంగా, మోసంతో మురికి పూసేవాళ్లనీ, మురిక్కాలవలో చెయ్యి పెట్టమనేవాళ్లనీ దగ్గరికి రానివ్వకు. వాడు ఒప్పుకోకుండా ఏ మెట్టూ ఎక్కించకూడదు.

మందు సంగతి. ఫ్లూవోక్సమిన్, సెర్ట్రలిన్ లాంటివి ఓసీడీకి పని చూపడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, మోతాదు కూడా డిప్రెషన్ కన్నా ఎక్కువే ఉండొచ్చు. రెండు వారాల్లో తేడా లేదని ఆపెయ్యకు. ఆందోళన తగ్గడానికి అప్పటికప్పుడు వేసే అల్‌ప్రాజొలామ్ లాంటి బిళ్ల ఉంటే డాక్టరుకూ థెరపిస్టుకూ ఇద్దరికీ చెప్పు, భయాన్ని బిళ్లతో మూసేస్తే నేర్చుకోవాల్సింది మిగలదు. వాడి నోట "బతకాలని లేదు" అన్న మాట వస్తే ఇవన్నీ పక్కన పెట్టి అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లు, వాణ్ని ఒంటరిగా వదలకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఏ వేళకైనా ఎత్తుతారు, ఉచితం.

ఇక నీ వంతు. "తగల్లేదులే నాన్నా, పడుకో" అని నువ్వు చెప్పే ప్రతిసారీ వాడికి ఐదు నిమిషాల ఊరట, ఓసీడీకి ఒక పూట భోజనం. థెరపిస్టు నిన్నూ మీ ఆయన్నీ లోపలికి పిలిచి ఇది మాన్పించే పద్ధతి చెప్పకపోతే అడిగి చెప్పించుకో. ఒక్కసారిగా మానేస్తే వాడు అల్లాడిపోతాడు, వాడితో మాట్లాడుకుని తగ్గించాలి. అడిగినప్పుడు "ఇది ఓసీడీ ప్రశ్న, జవాబు చెప్పను, కష్టంగా ఉందని తెలుసు, నీ పక్కనే ఉన్నాను" అను. గొంతు పెంచకుండా అను.

అపాయింట్‌మెంటుకు ముందు ఏడు రోజులు ఒక నోటుబుక్కులో రాయి: ఏ పూట, ఏది తగిలి, ఎన్ని నిమిషాలు కడిగాడు, నిన్ను ఎన్నిసార్లు అడిగాడు, ఎన్ని సబ్బులయ్యాయి. వాడికి తెలిసేలాగే రాయి, వీలైతే వాడి చేతే రాయించు. ఆ పుస్తకం, ఇప్పటి మందుచీటీ రెండూ సంచిలో పెట్టుకుని వెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ