మన వీధి బడి: పాఠకుల ఉత్తరాలకు టీచరమ్మ జవాబులు

టీచరమ్మ గారికి నమస్కారం. ఆరు నెలలు టెక్సాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాను. అక్కడ బడి అంటే చుట్టుపక్కల అందరికీ ఇంటి పనే. మనవడి బళ్లో పుస్తకాల అమ్మకం పెడితే తల్లులు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చి బల్లలు సర్దారు. నేనూ అట్టపెట్టెలు విప్పాను. అందరూ ‘మా స్కూల్ డిస్ట్రిక్ట్’ అని చెప్పుకుంటారు. మా ఇంటి వెనకాలే కార్పొరేషన్ బడి ఉంది. ఇరవై ఏళ్లుగా గంట వినడమే గానీ ఏనాడూ గేటు దాటలేదు. ఇప్పుడు వెళ్లాలని ఉంది. ఏమని చెప్పి వెళ్లను? తనిఖీకి వచ్చాననుకుంటారేమో!
– ఒక అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఇరవై ఏళ్లు గంట విన్న మనిషి ఆ బడికి పరాయిది ఎలా అవుతుంది?

అక్కడి డిస్ట్రిక్ట్ మన జిల్లా లాంటిది కాదు. బళ్ల కోసమే గీసుకున్న హద్దు అది. టెక్సాస్‌లో దాన్ని నడిపే ట్రస్టీలను అక్కడివాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. వాళ్లకు జీతం ఉండదు. బడి ఖర్చులో పెద్ద వాటా అక్కడి ఇళ్ల మీద, స్థలాల మీద వేసే పన్ను నుంచి వస్తుంది. పిల్లలు లేని ఇంటివాళ్లూ కడతారు. కట్టేది తామే కాబట్టి ‘మా బడి’ అనే మాట వాళ్లకు అలవాటైపోయింది. మనకు టీచరు జీతం నుంచి పిల్లల బూట్ల దాకా ప్రభుత్వం నుంచి వస్తాయి. దాంతో బడి ప్రభుత్వానిది, మనం దాని పక్కన కాపురముంటున్నవాళ్లం అనుకుంటున్నాం. కానీ మన బళ్ల గేట్ల మీద పేర్లు చదివి చూడండి. విజయవాడ పటమటలో జిల్లా పరిషత్ హైస్కూలుకు కోనేరు బసవయ్య చౌదరి గారి పేరు, సత్యనారాయణపురంలో మున్సిపల్ హైస్కూలుకు టంగుటూరి ప్రకాశం గారి పేరు. ఆ వీధులు ఎవరిని తమ మనిషిగా చెప్పుకున్నాయో ఆ గేటే చెబుతుంది.

పొద్దున వెళ్లకండి. ఆ వేళ హెచ్.ఎం.కు హాజరు, వంట లెక్క, రాని టీచరు క్లాసు ఎవరికి అప్పజెప్పాలన్నదీ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక వెళ్లండి. ‘నేను ఫలానా ఇంట్లో ఉంటాను, వారానికి రెండు రోజులు గంటసేపు ఖాళీ, చదవడం రాని పిల్లలను నా దగ్గర కూర్చోబెట్టండి’ అనండి. ‘మీకేం కావాలి’ అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే ఫ్యాను కావాలంటారు, మీరు కొనిస్తారు, అక్కడితో సరి. ఐదో తరగతికి వచ్చినా ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలు ప్రతి బళ్లోనూ ఐదారుగురు ఉంటారు. నలభై మంది ఉన్న క్లాసులో టీచరు ఒక్కొక్కరి పక్కన కూర్చోలేదు. మీరు కూర్చోగలరు. పిల్లల ఫొటోలు తీయకండి. అనుకున్న రోజున తప్పకుండా వెళ్లండి, ఎందుకంటే పిల్లలు గేటు వైపు చూస్తుంటారు.

నేను విజయవాడ వన్‌టౌన్‌లో పనిచేసేటప్పుడు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మంగళవారం, శుక్రవారం వచ్చేవారు. పాత రైళ్ల టైం టేబుల్ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, ‘తెనాలిలో బయల్దేరిన బండి బెజవాడ ఎన్నింటికి చేరాలిరా, దారిలో పావుగంట ఆగితే?’ అని అడిగేవారు. కూడికలు, తీసివేతలు అంటే పారిపోయే పిల్లలు బండి ఆలస్యం మాత్రం వేళ్ల మీద లెక్కేసేవాళ్లు. ఆయన నాలుగేళ్లు వచ్చారు. ఆయన పోయిన రోజు ఏడో తరగతి పిల్లలంతా అడిగి మరీ ఆ ఇంటికి వెళ్లారు.

మేడమ్, నేను ఆటో నడుపుతాను. మా పాప ఎనిమిదో తరగతి. బడి కమిటీలో నన్ను ఎన్నుకున్నారు. మీటింగ్ అంటే పోతాను, సంతకం పెట్టమంటారు, పెట్టి వస్తాను. నేను చదివింది ఏడో తరగతి. నాలాంటోడు సార్లను ఏమడగ్గలడు?
– ఒక తండ్రి, సింగ్‌నగర్, విజయవాడ

తమ్ముడూ, విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షన్ నీ గురించే. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి అని ఆ చట్టం చెప్పింది. డిగ్రీ ఉండాలని ఎక్కడా చెప్పలేదు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు, చైర్మన్ కూడా తల్లిదండ్రుల్లోంచే రావాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూడటం, వచ్చే ఏళ్లకు ఏం కావాలో రాసిపెట్టడం కమిటీ పని. అంటే నువ్వు సంతకం చేస్తున్న పుస్తకంలో నీకు పెత్తనం ఉంది. సంతకానికి ముందు ‘ఒకసారి చదివి వినిపించండి సార్’ అను. తప్పేమీ కాదు. మంచి హెచ్.ఎం. అయితే సంతోషిస్తారు. అలా ఒక్కరు కూడా అడగక నేను ఎన్ని మీటింగులు ఒంటరిగా నడిపానో నాకు తెలుసు.

2025లో తల్లికి వందనం పథకం కింద ఒక్కో బిడ్డకు 15,000 చొప్పున ఇచ్చి, అందులో 13,000 తల్లి ఖాతాలో వేశారు. మిగిలిన 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకని ఉంచారు. అది మీ ఇళ్ల డబ్బే. కాబట్టి మరుగుదొడ్ల సంగతి అడగడానికి మొహమాటం వద్దు. అయితే ఆడపిల్లల వైపు నువ్వు వెళ్లకు, కమిటీలో ఉన్న తల్లులను పంపు. మూడు చూడమను: నీళ్లు వస్తున్నాయా, బకెట్, మగ్గు ఉన్నాయా, తలుపుకు లోపల గడియ పడుతోందా. గడియ చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక ఏడాది మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నానికే తలనొప్పులంటూ బల్లల మీద వాలిపోయేవాళ్లు. ఎండలనుకున్నాం. ఒక తల్లి కూపీ లాగితే తెలిసింది, గడియ ఊడిపోయిందని లోపలికి వెళ్లడం మానేశారు, వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేశారు. రోజూ వాళ్లతోనే ఉన్న మాకు అది కనపడలేదు. కమిటీలో ఒక అమ్మ ఉండబట్టి కనపడింది. ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించాం.

ఇప్పుడు నీ ఆటో సంగతి. నీకు తెలిసినన్ని సందులు మీ సార్లకు తెలియవు. మా బడి గేటు ముందు జామకాయల బండి పెట్టుకునే ఒక తాత ఉండేవాడు. ఒకరోజు నన్ను ఆపి, ‘అమ్మా, ఉప్పూ కారం ఎక్కువేయమని రోజూ గొడవ చేసే పిల్లాడు నాలుగు రోజులుగా రావట్లేదు’ అన్నాడు. రిజిస్టరులో నాలుగు గైర్హాజర్లు పడి ఉన్నాయి. మేం జ్వరమనుకున్నాం. పిల్లాడు ఆటోనగర్‌లో లారీలకు గ్రీజు పెడుతూ దొరికాడు. తండ్రికి కాలు విరిగి, ఇంట్లో డబ్బుల్లేక ఏడో తరగతి వాణ్ణి పనిలో పెట్టారు. కమిటీలో ఇద్దరు తండ్రులు వెళ్లి షెడ్డు యజమానితో మాట్లాడారు. నేను వెళ్లి ఉంటే వాదన అయ్యేది. వాళ్లు వెళ్తే మాట అయింది. ఆ ఇంటికి మూడు నెలల బియ్యం, పప్పు వీధిలోవాళ్లే సర్దారు. పిల్లాడు సోమవారం ప్రేయర్‌కు వచ్చాడు, గోళ్లలో ఇంకా నలుపు ఉంది. తమ్ముడూ, నాలుగు రోజులుగా రాని పిల్లల పేర్లు మీటింగులో చదివి వినిపించమని అడుగు. ‘ఈ ఇల్లు నాకు తెలుసు’ అనడానికి ఏడో తరగతి చాలు.

ఇంకొక్కటి, మీ పాప ఎనిమిదిలో ఉంది కదా. ఎన్.ఎం.ఎం.ఎస్. అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతి వాళ్లకే పెడతారు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 వస్తాయి. దరఖాస్తు గడువు ఎప్పుడో రేపే అడుగు. పాపకే కాదు, ఆ క్లాసు అందరికీ అడుగు.

టీచర్, నేను తొమ్మిదో తరగతి. మా అమ్మ మా బళ్లోనే వంట చేస్తుంది. మా క్లాసు వాళ్లు నన్ను ‘సాంబారు’ అని పిలుస్తారు. అమ్మ వడ్డిస్తుంటే ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడాలంటే ఏదోలా ఉంటుంది. ఆకలి లేదని చెప్పి తినడం మానేశాను. అమ్మకు ఎందుకో తెలియదు.
– పేరు వద్దు, గుంటూరు

అమ్మలూ, మీ అమ్మకు తెలిసే ఉంటుంది. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో వంట చేసే మనిషికి తెలియకుండా ఉండదు. అడిగితే నువ్వు బాధపడతావని ఊరుకుని ఉంటుంది.

ఒకసారి లెక్క చూడు. ఆరో తరగతి నుంచి ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం లెక్క. మీ బళ్లో 300 మంది తింటే రోజుకు 45 కిలోలు. అన్ని కిలోల అన్నం అడుగంటకుండా వండి వార్చడం, గుడ్డు రోజున 300 గుడ్లు ఒలవడం, పెద్ద గిన్నెలు తోమడం, దీనికంతటికీ నెలకు చేతికొచ్చే గౌరవ వేతనం 3,000. ఇది చాలా తక్కువ. నేను పనిలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఈ భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమలో లంకల గన్నవరంలో, ఏ వేళ ఎవరు తలుపు తట్టినా వండి పెట్టిన తల్లి ఆవిడ. పొయ్యి దగ్గర నిలబడిన మనిషి పేరది. మీ అమ్మ చేస్తున్న పనీ అదే.

మా బళ్లో వంట చేసే అమ్మ సోమవారం మాత్రం కాస్త ఎక్కువ వండించేది. ఎందుకని అడిగితే, ‘ఆదివారం బడి లేదు కదమ్మా, ఈ రోజు రెండోసారి అడుగుతారు’ అంది. ఏ పిల్లలు అడుగుతారో కూడా ఆవిడకు తెలుసు. వాళ్లు అడగకముందే గరిట ముందుకు చాపేది. అన్నేళ్ల సర్వీసులో నాకు ఆ సంగతి తట్టలేదు. నాకు చెప్పింది ఆవిడే.

ఆ పేరు పెట్టి పిలవడం ఆగాలి. క్లాసు టీచరుకు ఒక చీటీ రాసి ఇవ్వు, నోటితో చెప్పాలని లేదు. టీచరు రుచి చూశాకే పిల్లలకు వడ్డించాలని నియమం ఉంది. ఒక రోజు ఆ టీచరునే మీ లైన్లో నిలబడి మీ అమ్మ చేత వడ్డించుకోమని నేను ఈ పత్రిక ద్వారా అడుగుతున్నాను. రేపు మాత్రం నువ్వు తిను తల్లీ. లైను చివర నిలబడినా సరే. ఖాళీ కడుపుతో మధ్యాహ్నం లెక్కల క్లాసు ఎక్కదు, నువ్వు తినని రోజు మీ అమ్మకూ ముద్ద దిగదు.

నమస్తే మేడమ్. 2024 వరదలో ఇంట్లో కాగితాలన్నీ పోయాయి. పదో తరగతి మెమో, స్టడీ సర్టిఫికెట్లు లేవు. మా పాత బడి కూడా మునిగింది. అక్కడికి వెళ్తే ఉపయోగం ఉంటుందా?
– ఒక యువకుడు, పాయకాపురం, విజయవాడ

ఉంటుంది బాబూ, వెళ్లు. మెమో ముందుగా డిజిలాకర్‌లో దొరుకుతుందేమో చూసుకో. లేకపోతే మీ హైస్కూలు హెచ్.ఎం. ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి డూప్లికేట్ కోసం దరఖాస్తు పెట్టాలి. స్టడీ సర్టిఫికెట్ మాత్రం నువ్వు చదివిన బళ్లలోనే ఇస్తారు. నాలుగు, ఐదు ఒక బడి, ఆరు నుంచి పది ఇంకో బడి అయితే రెండు చోట్లా తీసుకోవాలి. స్థానికుడివని చూపించడానికి అవే ఆధారం.

ఆ సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు సింగ్‌నగర్ మీద పడ్డాక, ఉపాధ్యాయ దినోత్సవం నాటికి కూడా నీళ్లు పూర్తిగా దిగలేదు. దిగాక తెలిసిన టీచర్లు రమ్మంటే ఒక బడికి నేనూ వెళ్లాను. మోకాలి ఎత్తున ఒండ్రు. ఫైరింజన్ వచ్చి గదులు కడిగింది. అడ్మిషన్ రిజిస్టర్లు బీరువాలో ఉబ్బి, తలుపుకు అడ్డం పడ్డాయి. వాటిని ఎండలో పెడితే పేజీలు అతుక్కుపోతాయి. నీడలో ఫ్యాను కింద పరిచి, పేజీకీ పేజీకీ మధ్య పాత న్యూస్‌పేపరు పెట్టి, పూటకోసారి మార్చాం. పేపర్లు ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగి పోగుచేసింది పదో తరగతి పిల్లలు. వాళ్ల ఇళ్లూ మునిగినవే. బాల్‌పెన్‌తో రాసినవి నిలిచాయి. ఇంకు పెన్నుతో రాసిన పాత పేజీలు కొన్ని నీలం మరకలయ్యాయి. అప్పుడు పాత విద్యార్థులు తమ టీసీల జిరాక్సులు తెచ్చి ఇచ్చారు. వాటిని చూసి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ ఒక్కొక్కటే సరిచూసుకున్నారు.

నువ్వు వెళ్లేటప్పుడు నీతో చదివిన ఒకరిద్దరిని తీసుకెళ్లు. ఎవరి దగ్గర ఏ పాత కాగితం మిగిలినా ఒక కాపీ బళ్లో ఇచ్చి రండి. ఆ రిజిస్టర్లలో ఇంకా నింపాల్సిన వరుసలు ఉన్నాయి.