పాఠకుల ప్రశ్నలు: లీక్, బంగాళాదుంపల సూపు

ప్రశ్న: ఫ్రాన్సులోని లియోన్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడివారి లీక్ (లావుపాటి ఉల్లికాడలా ఉండే ఉల్లి జాతి కూర), బంగాళాదుంపల సూపు నేను చేస్తే జిగురుగా సాగుతోంది, పంటికింద ఇసుక తగులుతోంది. ఏం చేయాలి?

జవాబు: లీక్ కాడ తెల్లగా ఎదగడానికి రైతులు మొదలు చుట్టూ మట్టిని ఎగదోస్తారు కాబట్టి, ఆ మట్టి పొరల మధ్యకు చేరుతుంది, పైపైన కడిగితే పోదు. ముదురాకుపచ్చ కొసలు తీసేసి, కాడను నిలువుగా చీల్చి, పొరలు విప్పి నీటిధార కింద కడగండి. జిగురుకు కారణం బహుశా మిక్సీ. ఉడికిన దుంపను అతిగా తిప్పితే అందులోని పిండిపదార్థం బయటపడి బంకలా సాగుతుంది. పప్పుగుత్తితో మెదిపితే చాలు. అక్కడక్కడా పలుకు తగలడమే ఈ సూపుకు అందమని నా అభిప్రాయం.

నలుగురికి దుంపలు, లీక్ చెరో అరకిలో తీసుకోండి. సన్నగా తరిగిన లీక్‌ను వెన్నలో, రంగు మారనివ్వకుండా, సన్నని సెగమీద 10 నిమిషాలు మగ్గించి, దుంప ముక్కలు, ఉప్పు, లీటరుంపావు నీళ్లు చేర్చి మెత్తగా ఉడికించండి. ఫ్రాన్సులో బంగాళాదుంపకు 18వ శతాబ్దిలో ప్రచారం కల్పించిన పార్మాంతియే పేరుతోనే దీన్ని ‘పొటాజ్ పార్మాంతియే’ అంటారు. పోపు పెట్టాలనిపించినా ఆగండి, ఆవాల ఘాటుకు లీక్ తీపి అణగిపోతుంది. మీగడ మాత్రం దింపిన తరువాతే కలపండి.