నాలుగో అధ్యాయం ఎక్కడ?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం. నాలుగు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్. ఏడాదిగా నవల రాస్తున్నాను, మూడు అధ్యాయాలయ్యాయి. మొదటి అధ్యాయం జతచేశాను. చదువు మానేసి పూర్తిగా రాసుకోవాలనుంది. పబ్లిషర్‌ని ఎలా పట్టుకోవాలి?

జవాబు: పబ్లిషర్ సంగతి తర్వాత చూద్దాం. మీరు పంపిన మొదటి అధ్యాయానికి నాలుగు వర్షన్లున్నాయి. నాలుగింటిలోనూ వానలో ఎవరో తలుపు తడుతున్నారు. ఒకదాంట్లో చినుకులు, ఒకదాంట్లో జడివాన, చివరిదాంట్లో ఏకంగా తుపాను. తలుపు మాత్రం ఇంకా ఎవరూ తీయలేదు! (తుపాను బాగా రాశారు, ఆ మాట ఒప్పుకోవాలి.)

రాసిందాన్నే దిద్దుకోవడం హాయిగా ఉంటుంది. తర్వాత ఏం జరగాలో తెలియని చోట కూర్చోవడమే కష్టం. మీ పాఠ్యపుస్తకాలూ కష్టమైన యూనిట్ దగ్గరే మూతపడుతున్నాయేమో చూసుకోండి. అదే నిజమైతే కాలేజీ మానేసినా నవల కదలదు.

లెక్క వేద్దాం. 60,000 మాటల నవలకి రోజుకి 200 మాటలు రాస్తే 300 రోజుల్లో చిత్తుప్రతి చేతికొస్తుంది. రోజుకి గంట చాలు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే, తెల్లవారుజామున గడియారం ముందు పెట్టుకుని పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవాడు. మొత్తం 47 నవలలు రాశాడు.

డిగ్రీ ఎందుకంటే, రాయల్టీ అమ్ముడైన కాపీల మీదే వస్తుంది, అదీ నెలనెలా రాదు. చాలామంది నవలాకారులకి ఇంకో ఉద్యోగమే అన్నం పెడుతుంది. నాలుగు సబ్జెక్టులూ ఒకేసారి మోయకండి, ముందు తేలికైన రెండు పాసైపోండి. రాత్రుళ్లు నిద్రపట్టక, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే మాత్రం అది బద్ధకం కాకపోవచ్చు, డాక్టర్‌ని కలవండి.

ఇక పబ్లిషర్లు. మొదటి నవల రాసేవాళ్లని సాధారణంగా పూర్తి ప్రతి అడుగుతారు. మూడు అధ్యాయాలు చూసి ఒప్పుకునేవాళ్లు అరుదు. ప్రతితోపాటు ఒక పేజీ కథాసారం ఉంచుకోండి. జవాబుకి నెలలు పట్టొచ్చు. డబ్బు కడితే వేస్తామనేవాళ్లు మీ నవలని ఎంచుకున్నట్టు కాదు, మీకు ముద్రణ అమ్ముతున్నట్టు. ఒప్పందంలో హక్కులు ఎన్నేళ్లకి రాసిస్తున్నారో, అనువాద, సినిమా హక్కులు ఎవరివో చదవకుండా సంతకం పెట్టొద్దు.

ఈ రాత్రి మొదటి అధ్యాయం ఫైలు తెరవకండి. నాలుగోది మొదలుపెట్టి 200 మాటలు రాయండి, చెత్తగా వచ్చినా సరే. రేపు పొద్దున సప్లిమెంటరీ ఫీజు గడువెప్పుడో ఆఫీసులో కనుక్కోండి.