బేస్ కడుపులో తొమ్మిది వోల్టులు

గుంటూరు, బ్రాడీపేట

చి. సన్నీకి,

నీ బేస్ గిటార్ నెలకో తొమ్మిది వోల్టుల బ్యాటరీ మింగుతోందని రాశావు. ప్రీయాంప్ మీద, అంటే బేస్ లోపల సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్ మీద, అనుమానం పెట్టుకునే ముందు ఒక్కటి చెప్పు. ప్రాక్టీసు అయ్యాక కేబుల్ పీకుతున్నావా, లేక యాంప్లిఫయర్ (యాంప్) ఆపేసి బేస్‌ని అలాగే స్టాండుకి ఆనిస్తున్నావా? యాంప్ ఆపితే బేస్ ఆగదురా. దాని స్విచ్చి కేబుల్ దూర్చే జాక్‌లోనే ఉంది.

జాక్ లోపల మూడు కొసలుంటాయి: టిప్, రింగ్, స్లీవ్. బ్యాటరీ నల్ల వైరు రింగ్‌కి పోతుంది. మామూలు మోనో ప్లగ్ దూర్చగానే దాని పొడుగాటి ఒళ్ళు రింగ్‌నీ స్లీవ్‌నీ కలిపేస్తుంది, ప్రీయాంప్‌కి కరెంటు మొదలవుతుంది. వాల్యూమ్ సున్నాలో ఉన్నా అంతే. స్టీరియో ప్లగ్ ఉన్న కేబుల్ దూరిస్తే ఆ రెండూ కలవవు, బ్యాటరీ కొత్తదైనా బేస్ పలకదు.

లెక్క చూడు. మంచి అల్కలైన్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీయాంప్ అవర్లు ఉంటాయి. ప్రీయాంప్ ఒక మిల్లీయాంప్ తాగితే 500 గంటలు. వారానికి ఐదారు గంటలు వాయించేవాడికి ఏడాది పైనే రావాలి. కేబుల్ పీకకపోతే అదే బ్యాటరీ మూడు వారాల్లో ఖాళీ. మూడు మిల్లీయాంపులు తాగే ప్రీయాంప్ అయితే వారమే.

పీకుతూనే ఉన్నాను అంటావా, అయితే కొలవాల్సిందే. మల్టీమీటర్‌ని డీసీ 20 మిల్లీయాంపుల దగ్గర పెట్టు. బ్యాటరీ మీద గుండ్రంగా, చిన్నగా ఉన్న బొడిపె ప్లస్, పువ్వులా విచ్చుకున్నది మైనస్. బ్యాటరీకి తగిలించే వైర్ల క్లిప్పుని పక్కకి తిప్పి ప్లస్ ఒక్కటే తగిలించు. మీటరు నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ మీద, ఎర్రది క్లిప్పులో ఖాళీగా మిగిలిన బొడిపె మీద ఆనించు. ప్లగ్ పెట్టినప్పుడు ఒకటో రెండో మిల్లీయాంపులు చూపించినా, అంతకన్నా తక్కువ చూపించినా కంగారు లేదు. ప్లగ్ తీయగానే సున్నా అయిపోవాలి. కాలేదంటే దొంగ జాక్‌లోనే ఉన్నాడు: రింగ్ రేకు వంగి స్లీవ్‌కి తగులుతోంది, లేదా సోల్డరింగ్ దగ్గర వైరు పోగు ఒకటి అడ్డం పడింది. కొలిచాక మీటర్‌ని వోల్టులకి తిప్పడం మరచిపోకు. మిల్లీయాంపుల్లో ఉంచి వోల్టేజీ చూస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది.

సున్నా వచ్చిందంటే ఏ బ్యాటరీ కొంటున్నావో చూసుకో. ఫ్యాన్సీ షాపులో బొమ్మలకిచ్చేది చాలావరకు జింక్ కార్బన్ రకం, 6ఎఫ్22 అని రాసి ఉంటుంది. అది త్వరగా దిగుతుంది, పైగా కారుతుంది. నీకు కావాల్సింది 6ఎల్ఆర్61, అంటే అల్కలైన్. ఎక్స్‌పైరీ తేదీ చూసి తీసుకో, వేసిన రోజు మార్కర్‌తో దాని మీదే రాసెయ్. ఛార్జింగ్‌వి బేస్‌కి నాకు నచ్చవు. నికెల్ రకం పేరుకే తొమ్మిది, చాలావాటిలో అసలు వోల్టేజీ 8.4, కొన్నిట్లో 7.2. కెపాసిటీ కూడా 200 మిల్లీయాంప్ అవర్ల దగ్గరే. యూఎస్‌బీ లిథియంలో వోల్టేజీ పెంచే సర్క్యూట్ ఉంటుంది, కొన్ని ప్రీయాంపుల్లో దాని కూత వినపడుతుంది. పైగా అది చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది, పాట మధ్యలో.

అల్కలైన్ అలా కాదు, ముందే చెబుతుంది. లావు తీగని గట్టిగా కొట్టినప్పుడు మాత్రమే స్వరం చిట్లుతుంది, మెల్లగా వాయిస్తే శుభ్రంగా ఉంటుంది. సిగ్నల్ ఎంత ఎత్తు లేవగలదో బ్యాటరీ వోల్టేజీయే తేలుస్తుంది మరి. చాలామంది స్పీకర్ పోయిందనుకుని సౌండ్ అతన్ని తిడతారు. ప్లగ్ పెట్టి, బ్యాటరీ క్లిప్పులో ఉండగానే వోల్టేజీ చూడు. కొత్తది 9.4 పైన ఉంటుంది. 8కి దిగిందంటే క్రిస్మస్ ప్రోగ్రాముకో, ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకో దాంతో వెళ్ళకు. రెండు బ్యాటరీల 18 వోల్టుల బేస్ అయితే రెండూ ఒకే రకానివి, ఒకేసారి మార్చాలి.

మార్చేటప్పుడు ముందు యాంప్ వాల్యూమ్ దించి కేబుల్ తీసెయ్. క్లిప్పుని వైరు పట్టుకుని లాగకు, తెగేది అక్కడే. చీకట్లో తడుముతూ తిరగేసి తాకించావో, రక్షణ డయోడు లేని ప్రీయాంప్ ఆ ఒక్క తాకుడికే పోవచ్చు. పట్టు వదులైతే పువ్వు రేకుల్ని నోస్ ప్లయర్‌తో కొంచెం నొక్కు. బ్యాటరీకి విడిగా గది లేకపోతే పల్చటి ఫోమ్ చుట్టి పెట్టు. లోపల రాగి రేకు అతికించి ఉంటే క్లిప్పు లోహం దానికి తగిలి షార్ట్ అవుతుంది.

బ్యాటరీ మూత స్క్రూలు దిగేది చెక్కలోకి. మొదట వెనక్కి తిప్పు, టిక్కుమని పాత మరలో పడ్డాక బిగించు. నేరుగా బలవంతంగా తిప్పితే నాలుగోసారికి మర పోతుంది. అలాగే జాక్ నట్ వదులైతే బయటి నుంచి తిప్పేయకు, జాక్ మొత్తం తిరిగి లోపల వైర్లు తెగుతాయి. మూత తీసి, లోపల వేలితో పట్టుకుని బిగించు.

నెల పైన వాయించకపోతే బ్యాటరీ తీసేసి పెట్టు. మన మే నెల ఎండలో బేస్‌ని కారులో వదిలేస్తే కారడం మరీ తొందర. అల్కలైన్ కారిన తెల్లటి పొడిని వెనిగర్ తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడువు. స్పేర్ బ్యాటరీని తాళాలున్న జేబులో వేయకు. బొడిపెలకి టేపు వేసి గిగ్ బ్యాగులో పెట్టు.

ప్లగ్ తీశాక మీటర్ ఎంత చూపించిందో రాయి. సున్నా కాకపోతే బేస్ పట్టుకుని ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రా, సోల్డరింగ్ ఐరన్ నా దగ్గరుంది.

మీ పెదనాన్న