సీపాప్ మాస్క్ అర్ధరాత్రి పీకేస్తున్నావా తమ్ముడూ, నాదీ అదే కథ

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకి (స్లీప్ ఆప్నియా) మాస్క్‌లోంచి ప్రెజర్‌తో గాలి కొట్టే ఈ సీపాప్ మిషన్ మొదలుపెట్టి పది రోజులైంది, పొద్దున్నే నోరు ఎండిపోతోంది, రాత్రి రెండింటికి తెలీకుండానే మాస్క్ పీకేస్తున్నా అన్నావు కదా, నేనూ మొదటి నెలంతా అంతే, మా ఆవిడైతే దీనికంటే నీ గురకే నయం అనేసింది.

నీది ముక్కు మాస్క్ అన్నావు, అంటే నిద్రలో నోరు తెరుచుకుని గాలంతా అట్నుంచి పోతోందేమో, నోరు ఎండేది ఎక్కువగా అందుకే. ముందు హ్యుమిడిఫయర్ (గాలికి తేమ పట్టించే నీళ్ల డబ్బా) కొంచెం పెంచి చూడు, డిస్టిల్డ్ వాటరే పొయ్యి, నీళ్లు రోజూ మార్చు. ముక్కు దిబ్బడ ఉంటే పడుకునే ముందు సెలైన్ స్ప్రే కొట్టుకో. అయినా తగ్గకపోతే ముక్కూ నోరూ రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ అడుగు, నాకు దాంతోనే సెట్ అయింది.

స్ట్రాప్స్ కూర్చుని బిగించకు, పడుకుని మిషన్ ఆన్ చేసి సరిచేసుకో, మరీ బిగిస్తే లీక్ ఇంకా ఎక్కువవుద్ది. మాస్క్ కుషన్ రోజూ మైల్డ్ సబ్బుతో కడుగు, మొహం జిడ్డుకి జారిపోద్ది. ర్యాంప్ ఆన్ చేస్తే గాలి తక్కువ ప్రెజర్ దగ్గర్నుంచి మెల్లగా పెరుగుద్ది, ఒకేసారి మొహానికి కొట్టదు. సాయంత్రం టీవీ చూస్తూ ఓ అరగంట ఊరికే పెట్టుకుని కూర్చో, నవ్వితే నవ్వనీ ఇంట్లోవాళ్లు.

ప్రెజర్ మాత్రం సొంతంగా మార్చకు, మిషన్‌లో రికార్డయ్యే మెమరీ కార్డు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించు. స్క్రీన్ మీద ఏహెచ్‌ఐ (నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగిందో చెప్పే లెక్క) 5 లోపు వస్తోందా, లీక్ ఎంత చూపిస్తోందో చెప్పు.