జీతం కెనడాది, పని చేసింది బయట: పీఆర్‌కి ఆ రోజులు కలుస్తాయా?

మీరు అడిగింది ఇదీ: టొరంటోలో పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం, జీతం, టాక్స్ అన్నీ కెనడాలోనే, కానీ కంపెనీ తరచూ అమెరికాలో క్లయింట్ దగ్గరికి పంపిస్తోంది, పైగా ఇప్పుడు హైదరాబాద్ ఆఫీసులో నాలుగు నెలలు ఉండి రమ్మంటోంది. ఈ రోజులు పీఆర్‌కి, అంటే కెనడాలో శాశ్వత నివాసానికి (పర్మనెంట్ రెసిడెన్సీ) ఉన్న దారుల్లో ఒకటైన కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్, అదే సీఈసీ అడిగే ఏడాది అనుభవంలో కలుస్తాయా అని.

కలవవు. "పే స్లిప్ కెనడాది కదా, ఏం కాదులే" అని ఆఫీసులో అందరూ ధైర్యం చెప్తారు, నాకూ చెప్పారు. కానీ జీతం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది కాదు అక్కడ చూసేది, పని చేసేటప్పుడు మీరు ఎక్కడ ఉన్నారన్నది. వర్క్ ఫ్రం హోం వాళ్ళకి కూడా ఇంతే, కెనడా కంపెనీకి పని చేస్తూ మీరు కూడా కెనడాలోనే ఉంటేనే అది కెనడా అనుభవం.

అయితే కంగారు పడాల్సినంత ఏమీ లేదు, ఎందుకంటే సీఈసీకి ఆ ఏడాది ఏకబిగిన ఉండాలని లేదు. అప్లై చేసే రోజుకి వెనక మూడేళ్ళలో మొత్తం 1560 గంటలు ఉంటే చాలు, వారానికి 30 గంటల లెక్కన. (వారానికి 50 గంటలు పని చేసి తొందరగా ముగించేద్దాం అంటే కుదరదు, 30కి మించినవి లెక్కేయరు.) అంటే బయటికి వెళ్ళినప్పుడు మీ లెక్క అక్కడ ఆగుతుంది, తిరిగొచ్చాక మళ్ళీ అక్కణ్ణుంచే మొదలవుతుంది, అప్పటిదాకా పోగైంది పోదు. ఏడాదిలో రెండు వారాల పాటు పెయిడ్ లీవ్ లాంటి మామూలు సెలవుల్ని అనుభవంలోంచి తీసేయరు కూడా. సెలవు పెట్టి ఊరెళ్తే పర్లేదు, పాపం ఆఫీసు పని మీదే వెళ్తే మాత్రం లెక్కలోకి రాదు, అదేం న్యాయమో మరి!

పీఆర్ రాకముందు నేను ఫ్యాక్టరీల్లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే టీంలో ఉండేవాణ్ణి, అమెరికా ట్రిప్పులు మామూలే. చిక్కంతా తేదీల దగ్గర వచ్చింది. విండ్సర్ దగ్గర కారులో బోర్డర్ దాటి డెట్రాయిట్ వెళ్తే చాలాసార్లు పాస్‌పోర్టులో ఏ ముద్రా పడదు, కాబట్టి నేను ట్రావెల్ క్లెయిములు తిరగేసి, అంబాసడర్ బ్రిడ్జి టోల్ రసీదులు, హోటల్ బిల్లులు పక్కపక్కన పెట్టుకుని ఎక్సెల్‌లో ఎక్కించాను. వెళ్ళిన ప్రతి పనిరోజునీ తీసేసి, ఆ పైన ఇంకో నెల ఎక్కువ ఉండేదాకా ప్రొఫైల్ (పీఆర్ కోసం ఆన్‌లైన్‌లో మన వివరాలు పెట్టేది) ముట్టుకోలేదు. ముద్ర లేదు కదా ఎవరికి తెలుస్తుంది అనుకునే వాళ్ళకి ఒక మాట, 2019 నుంచి రోడ్డు బోర్డర్లలో, 2020 నుంచి విమానాల్లో ఎవరు ఎప్పుడు కెనడా దాటి వెళ్ళారో బోర్డర్ ఏజెన్సీ దగ్గర రికార్డు ఉంటోంది.

ఇక అప్లికేషన్‌తో పెట్టే ఎంప్లాయర్ లెటర్. హెచ్ఆర్ పంపిన డ్రాఫ్టులో నేను చేరిన రోజు నుంచీ టొరంటో ఆఫీసులోనే పని చేస్తున్నట్టు రాసి ఉంది, వాళ్ళు అందరికీ ఇచ్చే మూస అది. ప్రయాణాల తేదీలతో విడిగా ఒక పేరా పెట్టమని అడిగాను. "అది రాస్తే నీకే నష్టం కదా" అంది హెచ్ఆర్ ఆవిడ, మంచి మనసుతోనే. నిజానికి నష్టం రాయకపోతేనే. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఐదేళ్ళు కెనడాలోకి రాకుండా నిషేధం పడొచ్చు, ఆ ఐదేళ్ళూ పీఆర్‌కి అప్లై కూడా చేయనివ్వరు. అంత దాకా పోకపోయినా, ప్రొఫైల్ పెట్టినవాళ్ళలో ఎవర్ని పీఆర్‌కి పిలవాలో తేల్చే పాయింట్ల లెక్కలో కూడా కెనడా అనుభవం అంటే కెనడాలో చేసిన పనే. పెళ్ళి కానివాళ్ళకి మొదటి ఏడాదికే 40 పాయింట్లు, మీది పదకొండు నెలలే అని ఆఫీసర్ తేలిస్తే ఆ 40 పోయి స్కోరు కటాఫ్ కిందికి వెళ్ళి ఫైలు మూసేస్తారు.

మీ విషయంలో నాకు అమెరికా ట్రిప్పుల కన్నా హైదరాబాద్ నాలుగు నెలలే టెన్షన్. మీరు లేనప్పుడు అనుభవం లెక్క ఆగుతుంది గానీ వర్క్ పర్మిట్ గడువు ఆగదు. ఆ పర్మిట్ మామూలుగా ఒక్కసారే ఇస్తారు, ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు, మధ్యలో ఆదుకునే బ్రిడ్జింగ్ పర్మిట్ కావాలంటే ముందు పీఆర్ అప్లికేషన్ లోపలికి వెళ్ళి ఉండాలి. కాబట్టి ఇవాళ్టికి మీ గంటలెన్ని, పర్మిట్ ఇంకెన్నాళ్ళుంది, ఈ రెండూ కాగితం మీద పెట్టి మేనేజర్‌తో మాట్లాడండి. నేనైతే "పీఆర్ అప్లై చేశాక ఎక్కడికి పంపినా వెళ్తాను, అప్పటిదాకా పెద్ద ట్రిప్పు వద్దు" అని సూటిగా మెయిల్ పెట్టాను, పెద్దగా గొడవేమీ కాలేదు, ఇంకొకణ్ణి పంపారు. తప్పదంటే పాస్‌పోర్టులో కెనడా వీసా డేట్ చూసుకోండి. అమెరికా ఒక్కదానికే వెళ్ళి పర్మిట్ గడువులోపు వెనక్కొస్తే వీసా అయిపోయినా రానిస్తారు, ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆ వెసులుబాటు లేదు, పర్మిట్ ఉన్నా సరే కొత్త వీసా కావాల్సిందే.

సీఈసీ కుదరకపోతే పీఆర్‌కి ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అనే ఇంకో దారి ఉంది. దానికి పని ఏ దేశంలో చేసినా ఒకటే, కాబట్టి మీ టొరంటో, డెట్రాయిట్, హైదరాబాద్ అన్నీ కలుస్తాయి, కాకపోతే అక్కడ మాత్రం ఏడాది ఏకబిగిన ఉండాలి, 100కి 67 పాయింట్లు రావాలి (ఇది పైన చెప్పిన 40 పాయింట్ల లెక్క కాదు, వేరే). బ్యాంకులో డబ్బు కూడా చూపించమంటారు, అయితే మీకు కెనడాలో పని చేసే అనుమతి, దాంతోపాటు రూల్స్ ప్రకారం చెల్లే జాబ్ ఆఫర్ రెండూ ఉంటే అక్కర్లేదు.

తమాషా ఏంటంటే, పీఆర్ చేతికొచ్చాక రూలు తిరగబడుతుంది. పీఆర్ నిలవాలంటే ఐదేళ్ళలో 730 రోజులు కెనడాలో ఉండాలి, కానీ కెనడా కంపెనీ మిమ్మల్ని ఫుల్ టైం మీద బయటి బ్రాంచికో, అనుబంధ సంస్థకో, క్లయింట్ దగ్గరికో పంపితే ఆ రోజులు కెనడాలో ఉన్నట్టే లెక్క, మీతోపాటు వచ్చిన భార్యకో భర్తకో పీఆర్ ఉంటే వాళ్ళకీ అంతే. నన్ను తర్వాత ఇండియా ఆఫీసుకి పంపినప్పుడు నేను పట్టుబట్టింది ఒక్కటే, ఎన్నాళ్ళకి పంపుతున్నారో, అయ్యాక టొరంటోలో ఏ ఉద్యోగంలోకి తిరిగొస్తానో లెటర్‌లో ఉండాలని. ఇండియా ఆఫీసులో లోకల్‌గా చేరిపోతే కంపెనీ పేరు అదే అయినా పనికిరాదు. పీఆర్ కాపాడుకోవడానికే పుట్టించిన కంపెనీలూ పనికిరావు.

పౌరసత్వానికి మాత్రం ఈ మినహాయింపు లేదు. ఐదేళ్ళలో 1095 రోజులు స్వయంగా కెనడాలో ఉండాలి, ప్రభుత్వ సర్వీసులో పని మీద వెళ్ళినవాళ్ళకి తప్ప బయటి రోజులు కలవవు. పీఆర్‌కి ముందు మీరు కెనడాలో గడిపిన రోజులకి మాత్రం రోజుకి సగం చొప్పున, గరిష్ఠంగా 365 దాకా ఇస్తారు, బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు రెండూ కెనడాలో ఉన్నట్టే. ఇండియా పోస్టింగ్ వల్ల నా అప్లికేషన్ ఆ మేరకు వెనక్కి జరిగింది, నా భార్యది కూడా.