మీ ప్రశ్నలు, మా జవాబులు: మెయిన్‌ఫ్రేమ్ టేపులు, బ్యాకప్‌లు

ప్రశ్న: సార్, ఈ మధ్యే ఒక అమెరికా బ్యాంకు ప్రాజెక్టులో మెయిన్‌ఫ్రేమ్ బ్యాచ్ సపోర్ట్‌లో చేరా. జేసీఎల్‌లో (జాబు ఏం చెయ్యాలో చెప్పే స్క్రిప్టు) యూనిట్ దగ్గర టేప్ అని ఉంది, మా సీనియరేమో అసలు ఆ డేటా సెంటర్లో టేప్ అన్నదే లేదు అంటున్నాడు. మరి మా జాబులు రాసేది ఎక్కడికి?
(ఒక పాఠకుడు, అమీర్‌పేట)

మీ సీనియర్ చెప్పింది నిజమేనండీ, మీరు రాసేది డిస్కులోకే. మధ్యలో ఒక బాక్స్ ఉంటుంది, అది మెయిన్‌ఫ్రేమ్‌కి తనని ఐబీఎమ్ 3490ఈ టేప్ డ్రైవ్‌గా చూపించుకుంటుంది, మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్ ఓఎస్ దాన్ని నమ్మి ఫలానా వాల్యూమ్ (అంటే ఒక టేప్) మౌంట్ చెయ్, అంటే డ్రైవ్‌లో ఎక్కించు అంటుంది, అది వెంటనే చేశా అంటుంది, లోపల చూస్తే ఆ వాల్యూమ్ డిస్కు మీద ఒక ఫైలు, అంతే. ఐబీఎమ్ టీఎస్7700, డెల్ డీఎల్ఎమ్, ఒరాకిల్ చేతికొచ్చిన స్టోరేజ్‌టెక్ వీఎస్ఎమ్, అన్నీ ఈ బాపతే.

ఇది ఎందుకొచ్చిందంటే, 1984లో వచ్చిన ఐబీఎమ్ 3480 టేప్ కార్ట్రిడ్జ్‌లో 200 ఎంబీ పట్టేది, 1995 నాటి 3590లో ఏకంగా 10 జీబీ. కానీ జాబులు మారలేదుగా, ఒక్కో జాబు ఒక చిన్న ఫైలు రాసి టేప్ వదిలేసేది, అంటే బస్సు మొత్తం బుక్ చేసుకుని ఒక్కడే ఎక్కి వెళ్లినట్టు. అందుకే 1990ల చివర్లో ఐబీఎమ్, స్టోరేజ్‌టెక్ రెండూ చిన్న చిన్న వర్చువల్ టేపుల్ని ముందు డిస్కు మీదకి తీసుకుని, తర్వాత వెనకున్న పెద్ద కార్ట్రిడ్జ్‌లో వరసగా పేర్చే పద్ధతి తెచ్చాయి. తర్వాత డిస్కు చవకయ్యేసరికి చాలాచోట్ల వెనక టేప్ తీసేశారు. ఉన్నచోట మాత్రం పాత వాల్యూమ్ అడిగితే రోబో వెళ్లి తేవాలి, అప్పుడు జాబ్ మౌంట్ దగ్గర కాసేపు ఆగుతుంది, కంగారుపడి క్యాన్సిల్ కొట్టకండి.

ప్రశ్న: మాకు టీఎస్7700 గ్రిడ్ ఉంది, మూడు ఊళ్లలో మూడు కాపీలు. ఇంకా వేరే బ్యాకప్ ఎందుకు దండగ అని మేనేజర్ అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
(స్టోరేజ్ టీమ్‌లో ఒకరు, డాలస్)

దండగ కాదని చెప్పండి, గట్టిగానే చెప్పండి. గ్రిడ్ అంటే వేర్వేరు ఊళ్లలోని టీఎస్7700 బాక్సుల్ని కలిపి ఒకదాని కాపీ ఇంకోదానికి పంపే ఏర్పాటు, అది కాపాడేది సైట్ పోయినప్పుడు. ఒక క్లస్టర్ (ఒక ఊళ్లోని బాక్స్) కాలిపోయినా ఇంకోటి అందుకుంటుంది, అందులో దానికి తిరుగులేదు. కాపీ మోడ్ కూడా మన చేతిలోనే ఉంటుంది, సింక్రనస్ పెడితే రాస్తుండగానే రెండుచోట్లకీ వెళ్తుంది, రివైండ్ అన్‌లోడ్ మోడ్ అయితే టేప్ మూసేటప్పుడు కాపీ అయ్యాకే జాబ్‌కి సరే అంటుంది, డిఫర్డ్ అయితే తీరిగ్గా తర్వాత, ఆ మధ్యలో సైట్ పోతే ఆ కాపీ లేనట్టే.

కానీ తప్పు డేటా రాస్తే? ఆ తప్పు కూడా మూడు ఊళ్లకీ అంతే శ్రద్ధగా వెళ్తుంది. ఎవరో టేపుల లెక్క చూసే ఆర్ఎమ్ఎమ్‌లోనో సీఏ వన్‌లోనో రిటెన్షన్ రూల్ (ఏ టేప్ ఎన్నాళ్లు ఉంచాలన్నది) తప్పు పెట్టి వేల వాల్యూములు స్క్రాచ్ (మళ్లీ వాడుకోవచ్చని గుర్తు పెట్టినవి) అయిపోతే అది మూడు చోట్లా స్క్రాచే. స్క్రాచ్ అవ్వగానే డేటా పోదులెండి, ఆ వాల్యూమ్‌ని మళ్లీ ఎవరైనా వాడుకునేదాకానో, ఎక్స్‌పైర్ టైమ్ దాటేదాకానో ఉంటుంది. అక్కడే ఎక్స్‌పైర్ హోల్డ్ అని ఒక సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేస్తే ఆ గడువు లోపల ఎవరూ దాన్ని మళ్లీ వాడలేరు. పైసా ఖర్చు లేదు, కాస్త డిస్కు ఎక్కువ పడుతుంది, ఇవాళే చూసుకోండి.

మీ మేనేజర్‌కి ఉదాహరణ కావాలంటే 2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌కి జరిగింది చెప్పండి. అది మెయిన్‌ఫ్రేమ్ కాదు, కానీ పాఠం అదే. సాఫ్ట్‌వేర్ బగ్ వల్ల 0.02 శాతం మంది ఖాతాలు ఖాళీగా కనిపించాయి, వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నా వాటినీ ఆ బగ్ దెబ్బకొట్టింది, చివరికి గూగుల్ వాళ్లు ఆఫ్‌లైన్ టేపుల నుంచి రీస్టోర్ చేశారు.

కాబట్టి నెట్‌వర్క్‌కి అందని కాపీ, కనీసం మీద తిరిగి రాయలేని కాపీ ఒకటి కావాలి. వెనక టేప్ లైబ్రరీ ఉంటే కాపీ ఎక్స్‌పోర్ట్ చేసి కార్ట్రిడ్జ్‌లు బయట దాచండి, లేకపోతే లాజికల్ వార్మ్ వాల్యూములు వాడండి, ఒకసారి రాశాక స్క్రాచ్ అయ్యేదాకా దాని మీద తిరిగి రాయడం కుదరదు. ఇంకో మాట, కాపీ ఉందని కాగితం మీద చూపించడం కాదు, ఏడాదికి ఒక్కసారైనా ఖాళీ ఎల్‌పార్ (మెయిన్‌ఫ్రేమ్‌లో విడిగా నడిచే ఒక భాగం) తీసుకుని అందులోకి నిజంగా రీస్టోర్ చేసి చూడండి. టేప్ క్యాటలాగ్ కూడా అదే టేపుల్లో మాత్రమే దాచారనుకోండి, ఏ వాల్యూమ్‌లో ఏముందో చెప్పేవాళ్లే ఉండరు.

ప్రశ్న: ఫైళ్లకి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసిన దగ్గర్నుంచి వర్చువల్ టేప్ డిస్కు గబగబా నిండిపోతోంది, ఎందుకు?
(ఒక పాఠకురాలు, బెంగళూరు)

ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కంప్రెస్ అవ్వదండీ, డీడూప్ (ఒకేలాంటి ముక్కల్ని ఒక్కసారే దాచడం) కూడా అవ్వదు. ఇదివరకు ఆ బాక్స్ కంప్రెస్ చేసి చిన్నది చేసేది, ఇప్పుడు దాని దగ్గరకి వచ్చేసరికే గజిబిజి, డంప్ తీసినా ఎన్‌క్రిప్ట్ అయినది అయినట్టే వస్తుంది. సీక్వెన్షియల్ ఫైళ్లయితే ఎక్స్‌టెండెడ్ ఫార్మాట్‌లో జెడ్ఈడీసీ అనే హార్డ్‌వేర్ కంప్రెషన్ కూడా పెట్టండి, అప్పుడు ముందు కంప్రెస్ చేసి తర్వాతే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. జెడ్15 మెయిన్‌ఫ్రేమ్ నుంచి ఆ కంప్రెషన్ ఇంజన్ చిప్‌లోనే ఉంది, వేరే కార్డు కొనక్కర్లేదు.

ప్రశ్న: మొత్తం క్లౌడ్‌కి పంపేస్తే గొడవ వదలదా?
(పేరు రాయలేదు)

పంపొచ్చు, టీఎస్7700కి క్లౌడ్ టియర్ (డేటాని క్లౌడ్‌కి దించే అంచె) ఉంది, ఐబీఎమ్ డీఎస్8000 డిస్కు అయితే ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కి (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) తనే పంపేస్తుంది, డేటా మెయిన్‌ఫ్రేమ్ గుండా పోదు కాబట్టి సీపీయూ ఖర్చూ తగ్గుతుంది. పాత ఆర్కైవ్‌లకి బ్రహ్మాండం. తిరిగి తెచ్చుకునేటప్పుడే చిక్కు, 100 టీబీని 10 గిగాబిట్ లైన్ మీద ఫుల్ స్పీడులో లాగినా 22 గంటలు పైనే, 1 గిగాబిట్ అయితే తొమ్మిది రోజులు దాటుతుంది, పైగా బయటికి లాగే డేటాకి మామూలుగా బిల్లు వేరే. మీ బ్యాంకు ఎన్ని గంటలు మూసి కూర్చోగలదో ముందు కనుక్కుని అప్పుడు ఆర్డర్ పెట్టండి.